దుబాయ్ నుంచి అల్ ఐన్‌కి ఒక్కరోజు గైడెడ్ టూర్: ఏవి ఉంచాలి, ఏవి తీసేయాలి?

ఇసుకతిన్నె అడిగారు:

డిసెంబర్ మొదటి వారంలో దుబాయ్ నుంచి అల్ ఐన్‌కి (అబూ ధాబీ ఎమిరేట్‌లోని ఊరు) గైడ్‌తో ఒక్కరోజు టూర్ అనుకుంటున్నాం. మొత్తం నలుగురం. ఇద్దరు అరవై దాటినవాళ్లు, అందులో ఒకరికి మోకాళ్ల నొప్పి. వాళ్లిద్దరూ సింగిల్ ఎంట్రీ విజిట్ వీసా మీద ఉన్నారు.

టూర్ కంపెనీలు పంపిన ప్లాన్లన్నీ ఒకేలా ఉన్నాయి: ఒంటెల సంత, హీలీ పార్క్ (పురాతన సమాధులు ఉన్న చోటు), నేషనల్ మ్యూజియం, ప్యాలెస్ మ్యూజియం, అల్ జాహిలీ కోట, ఒయాసిస్ (30 నిమిషాలు), జబల్ హఫీత్ కొండ, వేడినీటి ఊటలు. ఇవన్నీ ఒక్కరోజులో అయ్యే పనేనా? షేరింగ్ బస్సు తీసుకోవాలా, ప్రైవేట్ కారా? ఒయాసిస్ అంటే ఖర్జూర తోటే కదా, అరగంట చాలదా? ఇంకొకటి, ఊరు ఒమాన్ బోర్డర్‌ను ఆనుకునే ఉందంటున్నారు. వీసాకి ఏమైనా ఇబ్బంది వస్తుందా?

---

బాటసారి జవాబు:

ఎనిమిది చోట్లు ఒక్కరోజులో అవుతాయి, కానీ బస్సు కిటికీలోంచే అవుతాయి. దుబాయ్ నుంచి అల్ ఐన్ దాదాపు 150 కిలోమీటర్లు, ఈ66 రోడ్డు మీద గంటన్నర. రానుపోను మూడు గంటలు పోతే మిగిలేది దాదాపు తొమ్మిది గంటలు. అందులో భోజనానికి గంట, ఊళ్లో ఒకచోటి నుంచి ఇంకోచోటికి తిరగడానికి ఇంకో గంట తీసేయండి. మిగిలిన దాంట్లో నాలుగు చోట్లు హాయిగా పడతాయి, ఐదోది ఇరుకవుతుంది.

నలుగురున్నారు కాబట్టి ప్రైవేట్ కారే తీసుకోండి. షేరింగ్ బస్సు నాలుగైదు హోటళ్ల దగ్గర ఆగి మనుషుల్ని ఎక్కించుకుంటుంది. మీరు మొదట ఎక్కితే ఊరు దాటేసరికే ముప్పావుగంట, ఒక్కోసారి గంట పోతుంది. తిరిగొచ్చేటప్పుడు కూడా అంతే. పైగా మోకాళ్ల నొప్పి ఉన్న మనిషి గుంపు నడకను అందుకోలేరు.

మీ నలుగురికి తగ్గట్టు వేసుకునే వరుస ఇది:

7:30కి బయల్దేరండి. 9 – 9:15కల్లా ఒయాసిస్ తూర్పు వైపు, నేషనల్ మ్యూజియం దగ్గర దిగండి. పక్కనే 1910లో కట్టిన సుల్తాన్ కోట ఉంటుంది. అక్కడి నుంచి తోటలోకి దిగి నిదానంగా పడమర వైపు నడవండి. కారును మాత్రం పడమటి వైపుకి పంపించేయండి, ఇది చాలా ముఖ్యం. ప్యాలెస్ మ్యూజియం ఒయాసిస్ పడమటి అంచునే ఉంది కనుక మీరు నడుస్తూ వెళ్లి నేరుగా అక్కడ తేలతారు. చాలా టూర్లలో దింపిన గేటు దగ్గరే మళ్లీ ఎక్కించుకుంటారు. దానివల్ల జనం వంద అడుగులు లోపలికి వెళ్లి, నాలుగు ఫొటోలు తీసుకుని వెనక్కి వచ్చేస్తారు. మీ ప్లాన్‌లో రాసిన 30 నిమిషాలు అవే.

11 దాటాక ప్యాలెస్ మ్యూజియం, 12కి అల్ జాహిలీ కోట, 1కి భోజనం. తర్వాత హీలీకి ఒక గంట. 4 గంటలకల్లా జబల్ హఫీత్ ఘాట్ రోడ్డు ఎక్కితే సూర్యాస్తమయానికి తీరిగ్గా పైన ఉంటారు. డిసెంబర్ మొదట్లో 5:30 ప్రాంతంలో పొద్దు గుంకుతుంది. 6కి దిగడం మొదలుపెడితే 8కల్లా దుబాయ్.

రోజు విషయంలో ఒక్క జాగ్రత్త: సోమవారం వద్దు. కోట, మ్యూజియాలు చాలావరకు ఆ రోజు సెలవు. శుక్రవారం కూడా వేళలు మారతాయి, ఉదయం తలుపులు మూసి ఉండొచ్చు. మంగళ, బుధ, గురువారాలు మేలు. శని, ఆదివారాల్లో హఫీత్ పైన పార్కింగ్ దొరకదు. బుక్ చేసే ముందు అబూ ధాబీ కల్చర్ డిపార్ట్‌మెంట్ సైటులో ఆ వారం వేళలు చూసుకోండి, ఏజెంటు నోటిమాట మీద వెళ్లకండి.

---

పిల్లకాలువ జవాబు:

ఒయాసిస్‌కి అరగంట చాలదా అన్న ప్రశ్నకి: చాలదండీ. అల్ ఐన్‌లో మిగతావన్నీ ఉన్నది ఆ తోట వల్లే. 2011లో ఈ ఊరి స్థలాలు యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కాయి. యూఏఈ నుంచి ఆ జాబితాకెక్కిన మొదటివి ఇవే. అందులో కోటలతో పాటు ఈ తోటలు, వాటికి నీళ్లిచ్చే కాలువలు కూడా ఉన్నాయి.

అధికారిక లెక్క ప్రకారం అల్ ఐన్ ఒయాసిస్‌లో 1,47,000 పైచిలుకు ఖర్జూర చెట్లున్నాయి, దాదాపు వంద రకాలు. కానీ చెట్లు లెక్కపెట్టడానికి కాదు, నీళ్లు చూడటానికి వెళ్లండి. ఆ నీళ్లు తెచ్చే పద్ధతిని ఫలజ్ అంటారు. కొండపాదం దగ్గర భూగర్భజలం తగిలేదాకా ఒక తల్లిబావి తవ్వుతారు. అక్కడి నుంచి భూమిలోపలే సొరంగం, అతి స్వల్పమైన వాలుతో ఊరిదాకా. వాలు ఎక్కువైతే నీటి ఉరవడికి సొరంగం అడుగు కోసుకుపోతుంది, తక్కువైతే ఒండ్రు పేరుకుని మూసుకుపోతుంది. అందుకే మధ్యమధ్యలో నిలువు గుంటలు ఉంటాయి. పూడిక తీయడానికీ, లోపల పనిచేసేవాళ్లకి గాలి ఆడటానికీ అవే దారి. పంపు లేదు, ఏతం లేదు, నేల వాలే నీళ్లను నడిపిస్తుంది. హీలీ దగ్గర తవ్వకాల్లో దొరికిన ఫలజ్ సుమారు మూడు వేల ఏళ్ల నాటిది. ఫలజ్ నిర్వహణ, దాని చుట్టూ ఉన్న జ్ఞానం 2020లో యునెస్కో అమూర్త వారసత్వ జాబితాలోకి కూడా చేరాయి.

తోటలో ఎక్కడ చూడాలంటే, దారి పక్కన కాలువ రెండుగా చీలే చోట ఆగండి. ప్రధాన కాలువ జానెడో మూరెడో వెడల్పు. దాని గోడకి ఒక చిన్న తూము, ఆ తూముకి అడ్డంగా ఒక రాతిపలక, సందుల్లో కుక్కిన గుడ్డపీలికలు. ఆ పలక తీస్తే ఈ మడికి నీళ్లు, పెడితే ముందు మడికి. వంతు ఎవరిదో, ఎంతసేపో చూసే బాధ్యత 'అరీఫ్' అనే పెద్దమనిషిది. గడియారాలు లేని రోజుల్లో పగలు నీడ పొడవుని బట్టీ, రాత్రి చుక్కల్ని బట్టీ వంతులు మార్చేవారు. మీ గైడ్ ఈ చీలిక దగ్గర ఆగి ఇది వివరించగలిగితే మంచి గైడ్ దొరికినట్టే.

తోట పైనుంచి కిందికి మూడు అంతస్తులు. పైన ఖర్జూరం గొడుగు, దాని నీడలో మామిడి, నారింజ, అంజూర, అరటి లాంటివి, నేలమీద పశువుల మేత. పై గొడుగు లేకపోతే కింది రెండూ వేసవిలో మాడిపోతాయి. అందుకే తోటలోకి అడుగుపెట్టగానే చల్లదనం తెలుస్తుంది.

డిసెంబర్‌లో చెట్టుమీద పండు ఉండదు. కోత వేసవిలో, జూన్ నుంచి మొదలవుతుంది. ఆడచెట్లకి మగపూతను చేత్తో కట్టే పని చలికాలం చివర్లో. డిసెంబర్‌లో వెళ్లి 'ఖర్జూరాలు ఏవీ?' అని నిరాశపడేవాళ్లు చాలామంది.

ఇంకో సంగతి. భూగర్భజలం దిగిపోవడంతో ఇప్పుడు ఫలజ్‌లకి బావుల నుంచి పంపు చేసిన నీళ్లు కూడా కలుపుతున్నారు. కొందరు గైడ్లు ఇది చెప్పకుండా 'మూడు వేల ఏళ్లుగా ఇలాగే పారుతోంది' అనేస్తారు. అడిగి తెలుసుకోండి.

నడక గురించి: లోపలి దారులు గచ్చు చేసినవి, ఎత్తుపల్లాలు పెద్దగా లేవు. వీల్‌చైర్ కూడా వెళ్తుంది. కానీ రెండు పక్కలా మట్టిగోడలు, పైన మట్టలు, ఎటు చూసినా ఒకేలా ఉంటుంది. దారి తప్పడం తేలిక, కాబట్టి ఫోన్‌లో మ్యాప్ తెరిచి ఉంచుకోండి. గోడల లోపలివి సొంతదారుల మడులు, గేటు తీసున్నా లోపలికి వెళ్లకూడదు. లోపలికి ప్రవేశ రుసుము లేదు.

---

సరిహద్దురాయి జవాబు:

వీసా సంగతి. దుబాయ్‌లో దిగిన విజిట్ వీసా అల్ ఐన్‌లోనూ చెల్లుతుంది. ఎమిరేట్‌కీ ఎమిరేట్‌కీ మధ్య ఇమిగ్రేషన్ లేదు. అసలు ప్రమాదం అల్ ఐన్‌ని ఆనుకుని ఉన్న బురైమీ. అది ఒమాన్. ఒకప్పుడు రెండు ఊళ్ల మధ్య రాకపోకలు ఒకే ఊరిలా సాగేవి, ఇప్పుడు కంచె, చెక్‌పోస్టులు ఉన్నాయి. సింగిల్ ఎంట్రీ వీసా మీద ఉన్నవాళ్లు ఎగ్జిట్ స్టాంపు వేయించుకుని అవతలికి వెళితే ఆ వీసా అక్కడితో అయిపోయినట్టే. తిరిగి రావాలంటే కొత్తది కావాలి. ఎవరైనా 'బురైమీ కోట కూడా చూపిస్తాం' అని ప్లాన్‌లో చేరిస్తే మీ పెద్దవాళ్ల కోసం దాన్ని కొట్టేయించండి. అసలు పాస్‌పోర్టులు మాత్రం వెంట ఉంచుకోండి.

సరిహద్దు దగ్గరున్న హీలీ వైపు, మెజ్యాద్ వైపు వెళ్లినప్పుడు ఫోన్లు ఒమాన్ నెట్‌వర్క్ పట్టుకుంటాయి. డేటా రోమింగ్ పొద్దున్నే ఆపేయండి.

గైడ్ విషయంలో ఒక మాట. గైడ్ లైసెన్స్ ఎమిరేట్ వారీగా ఉంటుంది. అల్ ఐన్ అబూ ధాబీ ఎమిరేట్ కిందికి వస్తుంది కాబట్టి 'మీ గైడ్‌కి అబూ ధాబీ లైసెన్స్ ఉందా, కారు దిగి మాతో లోపలికి వస్తారా?' అని రాతపూర్వకంగా అడగండి. చాలా ప్యాకేజీల్లో 'గైడ్' అంటే డ్రైవరే. ఆయన గేటు దగ్గర దింపి పార్కింగ్‌లో కూర్చుంటాడు. అందులో తప్పేం లేదు, కానీ గైడ్ డబ్బులు తీసుకోకూడదు.

---

ఇసుకతిన్నె రాశారు:

అందరికీ ధన్యవాదాలు. మరి ఒంటెల సంత? పెద్దవాళ్లకి అదే ఎక్కువ ఆసక్తి. జబల్ హఫీత్ మలుపుల్లో ఒకరికి కారు పడదేమోనని భయంగా ఉంది. ప్యాలెస్, కోట రెండూ చూడాలా? ఒకటి చాలా?

---

బాటసారి జవాబు:

సంత చూడాలంటే అదే మొదట పెట్టుకోండి. ఉదయమే హడావిడి ఉంటుంది, మధ్యాహ్నానికి పలచబడుతుంది. మెజ్యాద్ రోడ్డు వైపు, బవాదీ మాల్ దగ్గర. అక్కడ జరిగే ఇబ్బంది ఒకటే. కొందరు చెయ్యి పట్టుకుని దొడ్లోకి తీసుకెళ్లి, మీ ఫోన్ తీసుకుని ఫొటోలు తీసి, తర్వాత డబ్బు అడుగుతారు. ఇచ్చేది ఎంతో ముందే గైడ్ చేత మాట్లాడించండి, లేదంటే మొదటి నిమిషంలోనే నవ్వుతూ వద్దని చెప్పేయండి. ఫోన్ ఎవరి చేతికీ ఇవ్వకండి. నేలంతా ఇసుక, పేడ, కాబట్టి చెప్పులు కాకుండా బూట్లు వేసుకోండి. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లు కారులోంచే చాలావరకు చూడొచ్చు. సంత చేరిస్తే హీలీ వదిలేయండి.

హఫీత్ రోడ్డు 11.7 కిలోమీటర్లు, 60 మలుపులు. రోడ్డు వెడల్పుగా, నున్నగా ఉంటుంది. కడుపులో తిప్పేది మలుపుల కన్నా డ్రైవర్ వేగం వల్లే. పడనివాళ్లని ముందు సీట్లో కూర్చోబెట్టండి, భోజనానికీ ఎక్కడానికీ మధ్య రెండు గంటలు ఉంచండి, ఫోన్ చూడనివ్వకండి. దిగేటప్పుడు తక్కువ గేర్‌లో దిగమని డ్రైవర్‌కి చెప్పండి. కిందిదాకా బ్రేకు మీదే కాలు పెడితే అది వేడెక్కి పట్టు తప్పుతుంది. పైన గాలి గట్టిగా వీస్తుంది, పొద్దు గుంకాక చలి. పెద్దవాళ్లకి శాలువా ఉంచండి. వేడినీటి ఊటలు కొండ కిందే, గ్రీన్ ముబజ్జరాలో. కాళ్లు పెట్టుకుని కూర్చోవడానికి బాగుంటుంది, సమయం ఉంటేనే.

---

పిల్లకాలువ జవాబు:

ప్యాలెస్, కోట రెండూ చూడండి, ఒకదాన్నొకటి పోలినవి కావు. ప్యాలెస్ 1937లో కట్టింది. షేక్ జాయెద్ 1966లో అబూ ధాబీ పాలకుడయ్యేదాకా ఉన్న ఇల్లు. 1946లో ఈ ప్రాంతానికి పాలకుడి ప్రతినిధిగా వచ్చాక పూడిపోయిన ఫలజ్‌లను బాగుచేయించిందీ, నీటి హక్కుల పద్ధతిని మార్చిందీ ఆయనే. తోటలోంచి నడిచి నేరుగా ఆ ఇంటికి చేరితే ఆ సంబంధం తెలుస్తుంది. కింది అంతస్తు గదులు చూసినా సరిపోతుంది, మెట్లెక్కక్కర్లేదు.

అల్ జాహిలీ 1890లలో షేక్ జాయెద్ తాత జాయెద్ బిన్ ఖలీఫా కాలంలో కట్టిన కోట. చతురస్రపు కోటకి బయట, విడిగా, నాలుగు అంచెలుగా పైకి సన్నబడే గుండ్రటి బురుజు ఉంటుంది. ఫొటోల్లో అందరూ చూసేది అదే, చాలామంది గేటు లోపలికి వెళ్లి దాన్ని మర్చిపోతారు. లోపల 1940లలో రుబ్ అల్ ఖాలీ ఎడారిని ఒంటెల మీద దాటిన బ్రిటిష్ యాత్రికుడు విల్ఫ్రెడ్ థెసిజర్ తీసిన నలుపు తెలుపు ఫొటోల ప్రదర్శన ఉంది. ముప్పావుగంట ఇవ్వండి.

హీలీ వదలాల్సి వస్తే ఒక్కటే కొరత: నాలుగు వేల ఏళ్లు దాటిన గుండ్రటి సమాధి, వ్యాసం దాదాపు 12 మీటర్లు, గుమ్మం పక్కన రాతిమీద చెక్కిన మనుషులు, ఒరిక్స్ జింకలు. పడిపోయిన రాళ్లను తిరిగి పేర్చి నిలబెట్టింది. ఎండలో నిలబడి చూడాలి, కూర్చునే నీడ కొంచెం దూరం. మోకాళ్ల దృష్ట్యా సంతే మీకు నయం.

---

సరిహద్దురాయి జవాబు:

బస్సులో వెళ్లొచ్చా అని తర్వాత ఎవరైనా అడిగితే: దుబాయ్ అల్ ఘుబైబా నుంచి ఈ201 బస్సు ఉంది, 25 దిర్హాములు, నోల్ కార్డుతో (దుబాయ్ బస్సు, మెట్రో కార్డు). కానీ ఆ నోల్ కార్డు అల్ ఐన్ సిటీ బస్సుల్లో పనిచేయదు, అక్కడ అబూ ధాబీ బస్సుల హాఫిలాత్ కార్డు కావాలి. ఊళ్లో మీటర్ టాక్సీలు దొరుకుతాయి. ఇద్దరు కుర్రాళ్లకి ఇది బాగానే ఉంటుంది, మీ నలుగురికి కాదు.

సొంతంగా కారు నడిపేవాళ్లకి: అబూ ధాబీ ఎమిరేట్‌లోకి అడుగుపెట్టాక బోర్డు మీద రాసిన వేగమే హద్దు. దుబాయ్‌లోలాగా పైన 20 వెసులుబాటు 2018 నుంచి అక్కడ లేదు. బోర్డు మారిన చోటే కెమెరాలు పట్టేస్తాయి.