డాబా మీద హైడ్రోపోనిక్స్: నీళ్లు, ఎరువు రెండూ తక్కువ పట్టేది ఏ పద్ధతికి?

పటమట_డాబాతోట:
అందరికీ నమస్కారం. విజయవాడలో మా డాబా ఖాళీగా ఉంది, పాలకూర, లెట్యూస్, కొంచెం టమాటా మట్టి లేకుండా పెంచుదామని చూస్తున్నాను. ఎన్ఎఫ్‌టీ పైపులా (వేళ్ల కింద ఎరువు నీళ్లు పల్చగా పారేవి), డీడబ్ల్యూసీ తొట్టెలా (వేళ్లు ఎరువు నీళ్లలో మునిగి ఉండేవి), కొబ్బరి పొట్టు బకెట్లలో డ్రిప్పా అన్నది తేలడం లేదు. అమ్మేవాళ్లంతా 90 శాతం నీళ్లు ఆదా అంటున్నారు. వేసవిలో నీళ్లు పైకెక్కించడమే మాకు పెద్ద టెన్షన్, పైగా బోరు నీళ్ల టీడీఎస్ (కరిగిన ఉప్పుల లెక్క) 900 చూపిస్తోంది. నిజంగా ఏది మేలు?

బ్రాడీపేట_రైతుబిడ్డ:
90 శాతం అబద్ధమేం కాదండి, దేనితో పోల్చారో చూడాలి. అరిజోనా లెట్యూస్ మీద 2015లో వచ్చిన లెక్కలో ఏడాదికి కిలో పంటకు పొలంలో దాదాపు 250 లీటర్లు, హైడ్రోపోనిక్స్‌లో 20 లీటర్లు. అదే లెక్కలో వెచ్చబరచడానికి, చల్లబరచడానికి, లైట్లకి, మోటార్లకి కలిపి కరెంటూ ఇంధనమూ పొలం కంటే 80 రెట్లు ఎక్కువ పట్టింది, ఆ ముక్క మాత్రం ఎవరూ చెప్పరు.

మొక్క తాగే నీళ్లు ఏ పద్ధతిలోనైనా ఇంచుమించు అంతే. తేడా అంతా మిగిలిన నీళ్లు ఎటు పోతున్నాయన్న దగ్గరే వస్తుంది. పైపుల్లో, తొట్టెల్లో అవే నీళ్లు మళ్లీ వాడుకుంటాం. కొబ్బరి పొట్టులో ఉప్పు పేరుకోకుండా పోసినదాంట్లో 20-30 శాతం కిందికి పోనివ్వాలి, దాన్ని పట్టి వాడుకోకపోతే ఆ ఎరువంతా కాలవపాలే.

కృష్ణలంక_పచ్చదనం:
మన ఊరి ఎండకి డాబా మీద ఎన్ఎఫ్‌టీ వద్దనే నా మాట. వేళ్ల కింద పారేది పల్చటి నీటి పొర, మే నెలలో కరెంటు పోయి మోటారు ఆగిందంటే మొక్కలు తొందరగా వాడిపోతాయి. పైపు కాగితే లోపలి నీళ్లూ కాగుతాయి. 20 డిగ్రీల నీళ్లలో లీటరుకి 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగితే, 30 డిగ్రీల్లో ఏడున్నరే, ఆ వేడికి పిథియం అనే బూజులాంటి సూక్ష్మజీవి తోడై వేరుకుళ్లు మొదలవుతుంది. తొట్టెలో నీళ్లు ఎక్కువ కాబట్టి మెల్లగా వేడెక్కుతాయి, ఈసీ (నీళ్లలో ఎరువు ఉప్పుల గాఢత), పీహెచ్ (ఆమ్ల, క్షార స్థాయి) కూడా గబుక్కున మారవు. ఆకుకూరలకి తొట్టె, పైన థర్మాకోల్ షీటు, షేడ్‌నెట్ పెట్టండి. టమాటాకి బకెట్లే.

పటమట_డాబాతోట:
చాలా థాంక్సండి. ఎరువుకి మన షాపుల్లో దొరికే 19:19:19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండేది) సరిపోతుందా?

బ్రాడీపేట_రైతుబిడ్డ:
సరిపోదండి. అందులో కాల్షియం ఉండదు, నత్రజనిలో ఎక్కువ భాగం యూరియా రూపంలో ఉంటుంది, మట్టిలో సూక్ష్మజీవులు దాన్ని మార్చినంత తొందరగా తొట్టెలో మారదు. హైడ్రోపోనిక్స్ కోసమే చేసిన ఏ, బీ రెండు డబ్బాలు తీసుకోండి. చిక్కగా ఉన్నప్పుడు రెండూ కలిపితే కాల్షియం విరిగి అడుగున పేరుకుంటుంది, ఒకదాని తర్వాత ఒకటి నీళ్లలో పోయండి. పీహెచ్ 5.5 నుంచి 6.5 మధ్య ఉండాలి.

అసలు చిక్కు మీ బోరు నీళ్లతోనే. మొక్క నీళ్లు తాగేస్తుంది, సోడియం తొట్టెలోనే మిగిలిపోతుంది, మీరు పైన నింపేకొద్దీ అది పెరుగుతుంది, చివరికి తొట్టె మొత్తం పారబోయాలి. ఆదా అంతా అక్కడే పోతుంది. ఆర్వో పెట్టినా అది వదిలేసే నీళ్లు లెక్కలోకి వస్తాయి. మున్సిపల్ కుళాయి ఉంటే ఆ నీళ్లే వాడండి, వానాకాలంలో డాబా నీళ్లు పట్టి పెట్టుకోండి. ముందు ఒకే తొట్టెతో మొదలుపెట్టి, రోజూ ఎన్ని లీటర్లు కలుపుతున్నారో గోడ మీదే రాసుకుంటూ ఉండండి.