అప్‌డేట్: అమ్మ లివర్‌లో గడ్డ క్యాన్సర్ కాదు, హిమాంజియోమా

అల్ట్రాసౌండ్‌లో అమ్మ లివర్‌లో 3 సెంటీమీటర్ల తెల్లటి గడ్డ కనిపించిందని, బయాప్సీ (సూదితో చిన్న ముక్క తీసి చేసే పరీక్ష) చేయించాలా అని ఇక్కడ అడిగాను కదా. జవాబిచ్చిన అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. "ముందు కాంట్రాస్ట్‌తో ఎమ్మారై తీయించండి, సూది సంగతి తర్వాత" అన్న సలహానే పనికొచ్చింది.

రేడియాలజిస్టు గారు బొమ్మలు పక్కపక్కన పెట్టి చూపించారు. కాంట్రాస్ట్ మందు (బొమ్మలో తేడాలు బాగా తెలియడానికి నరంలోకి ఇచ్చేది) ఎక్కించగానే గడ్డ అంచుల్లో మాత్రమే అక్కడక్కడా ముద్దలుగా వెలిగింది. నిమిషాలు గడిచేకొద్దీ ఆ వెలుగు లోపలికి పాకి దాదాపు మొత్తం నిండింది. టీ2 బొమ్మల్లోనూ (ఎమ్మారైలో నీరు తెల్లగా కనిపించే రకం) నీళ్లలా తెల్లగా మెరిసింది. ఇది హిమాంజియోమా, అంటే రక్తనాళాల గడ్డ. లివర్‌లోనే పుట్టే క్యాన్సర్ తీరు సాధారణంగా వేరట: ధమని దశలోనే, అంటే మందు ధమనుల ద్వారా లివర్‌కు చేరిన మొదటి క్షణాల్లోనే, బాగా వెలిగి, ఆ తర్వాత చుట్టూ ఉన్న లివర్ కంటే నల్లబడుతుంది. సిర్రోసిస్ (లివర్ మచ్చలు పడి గట్టిపడటం), హెపటైటిస్ బి ఉన్నవాళ్లలో దాన్నే ముఖ్యంగా వెతుకుతారు. అమ్మకు ఆ రెండూ లేవు.

నేను అంత భయపడిన కడుపునొప్పికి దీనితో సంబంధమే లేదు, గ్యాస్ట్రైటిస్ అన్నారు. ఏఎఫ్‌పీ (లివర్ క్యాన్సర్‌లో పెరిగే అవకాశమున్న ప్రోటీన్) రక్తపరీక్ష నార్మల్ వచ్చింది కానీ, దాన్నిబట్టే క్యాన్సర్ లేదనడానికి వీల్లేదట. బయాప్సీ అక్కర్లేదన్నారు, ఇలాంటి గడ్డకు సూది వేస్తే రక్తస్రావం భయం కూడా ఉంది. చాలా రోజుల తర్వాత నిన్న రాత్రి ఇంట్లో అందరం నిద్రపోయాం.