హార్డ్‌డిస్క్‌లో ‘కాషన్’ హెచ్చరిక వస్తోంది: చెక్‌డిస్క్ నడపవచ్చా?

అక్షరశిల్పి (తెనాలి):

అందరికీ నమస్కారం. మా ఇంట్లో డీటీపీ పనికి వాడుతున్న డెస్క్‌టాప్‌లో 1 టెరాబైట్ హార్డ్‌డిస్క్ ఉంది. కొన్ని వారాలుగా విండోస్ తెరుచుకోవడానికి చాలాసేపు పడుతోంది. తెరుచుకున్న తర్వాత కూడా టాస్క్ మేనేజర్‌లో డిస్క్ వాడకం వంద శాతం దగ్గరే నిలిచిపోయి, మౌస్ కదులుతున్నా ఏ ఫోల్డరూ తెరుచుకోవడం లేదు. ఆ సమయంలో సీపీయూ డబ్బాలోంచి ‘టిక్, టిక్’ అని సన్నని శబ్దం వస్తుంది, కాసేపటికి అంతా మామూలుగా నడుస్తుంది. వేసవిలో మా వీధిలో కరెంటు తరచూ పోతూ వస్తూ ఉండటం, యూపీఎస్ బ్యాటరీ బలహీనపడటం వల్ల కంప్యూటర్ చాలాసార్లు ఉన్నపళంగా ఆగిపోయింది.

డిస్క్ ఆరోగ్యాన్ని చూపే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్ పెట్టి చూస్తే పసుపు రంగులో ‘కాషన్’ అని చూపిస్తోంది. ముడి విలువల గడిలో 05 వరుసకు ఎదురుగా సున్నా, సీ5కు 30, సీ6కు 30, సీ7కు డీ4 అని ఉన్నాయి. డిస్క్ నడిచిన సమయం 21,340 గంటలు.

ఈ డిస్క్‌లో కొన్నేళ్లుగా చేసిన శుభలేఖలు, పుస్తకాల పేజ్‌మేకర్ ఫైళ్లు, వాటికి వాడిన అను ఫాంట్లు, మా కుటుంబం ఫొటోలు ఉన్నాయి. ఫొటోలలో కొన్నిటికి మాత్రమే వేరే చోట నకలు ఉంది. చెక్‌డిస్క్‌ను ‘ఆర్’ స్విచ్‌తో రాత్రంతా నడిపితే బ్యాడ్ సెక్టార్లు (డిస్క్ మీద చదవలేని చిన్న చిన్న భాగాలు) పోతాయని తెలిసినవారు చెబుతున్నారు. ఆ పని చేయవచ్చా? లేక కేబుల్ మారిస్తే సరిపోతుందా? దయచేసి చెప్పగలరు.

యంత్రమిత్ర:

అక్షరశిల్పి గారికి నమస్కారం. చెక్‌డిస్క్ ఇప్పుడు నడపవద్దు. మీ ఫైళ్ల నకలు మరో డిస్క్‌లోకి చేరేవరకు, దాన్నే కాదు, డీఫ్రాగ్ (చెల్లాచెదురైన ఫైలు ముక్కలను ఒకచోట చేర్చడం) వంటి ఏ ‘బాగు చేసే’ పనీ పెట్టుకోవద్దు. చెక్‌డిస్క్ ఉన్నది ఫైల్ వ్యవస్థను సరిదిద్దడానికి, మీ ఫైళ్లను కాపాడటానికి కాదు. ‘ఆర్’ స్విచ్‌తో నడిపితే అది డిస్క్‌ను మొదటినుంచి చివరివరకు చదువుతుంది, చదవలేని చోట పదేపదే ప్రయత్నిస్తుంది, ఫోల్డర్ల పట్టికలో పొంతన కుదరని భాగాలను తీసివేస్తుంది లేదా పేరులేని ముక్కలుగా వేరే ఫోల్డరులో పడేస్తుంది. ఆరోగ్యంగా ఉన్న డిస్క్ మీద ఇవన్నీ మేలే చేస్తాయి. చదవడమే కష్టమైన డిస్క్ మీద మాత్రం, మిగిలి ఉన్న కాస్త శక్తినీ మనకు అక్కరలేని ఖాళీ సెక్టార్లను పరీక్షించడానికి ఖర్చుపెట్టినట్లవుతుంది.

ఇక మీరిచ్చిన అంకెల సంగతి. సీ7 దగ్గర ‘డీ4’ అని అక్షరం కనిపిస్తోంది కాబట్టి ఆ గడిలోని విలువలన్నీ పదహారు ఆధారపు సంఖ్యామానంలో ఉన్నాయని అర్థం. కాబట్టి సీ5 ఎదురుగా ఉన్న 30 మన లెక్కలో 48, డీ4 అంటే 212. సీ5 అనేది డిస్క్ చదవలేక, ఏమి చేయాలో ఇంకా తేల్చుకోకుండా పక్కన పెట్టిన సెక్టార్ల సంఖ్య. ఆ సెక్టార్ మీద మళ్లీ ఏదైనా రాసినప్పుడు, రాత సరిగా పడితే డిస్క్ దాన్ని తిరిగి వాడుకుంటుంది, పడకపోతే దాని స్థానంలో అదనంగా దాచిన సెక్టార్‌ను కేటాయించి 05 విలువను పెంచుతుంది. ఈనాటి డిస్క్‌లలో భౌతిక సెక్టార్ 4096 బైట్లు, విండోస్‌కు కనిపించేవి 512 బైట్ల ముక్కలు కాబట్టి ఈ సంఖ్య సాధారణంగా 8 గుణిజాలుగా పెరుగుతుంది. మీ 48 అంటే ఆరు భౌతిక సెక్టార్లు, మొత్తం 24 కిలోబైట్లు. వినడానికి స్వల్పమే, కానీ అవి ఏ ఫైలులో ఉన్నాయన్నది మన చేతిలో లేదు, ఇంకా చదవని ప్రాంతాల్లో ఎన్ని ఉన్నాయో సీ5 చెప్పదు.

2007లో గూగుల్ ఇంజనీర్లు తమ లక్షకు పైగా డిస్క్‌లను గమనించి ప్రచురించిన అధ్యయనంలో, ఉపరితలం పరిశీలనలో మొదటి దోషం కనబడిన డిస్క్ ఆ తర్వాతి 60 రోజుల్లో చెడిపోయే అవకాశం, దోషం లేని డిస్క్‌తో పోలిస్తే 39 రెట్లు ఎక్కువని తేలింది. అదే అధ్యయనంలో, చెడిపోయిన డిస్క్‌లలో సగానికి పైగా ప్రధానమైన నాలుగు స్మార్ట్ సంకేతాల్లో (డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే నమోదు చేసుకునే 05, సీ5 వంటి లెక్కల్లో) ఒక్కటి కూడా చూపలేదని కూడా ఉంది. అంటే ‘గుడ్’ అని నీలం రంగు కనిపించినంత మాత్రాన నిశ్చింతగా ఉండటానికి వీల్లేదు. మీకు ముందుగా పసుపు రంగు కనిపించడం ఒక విధంగా అదృష్టమే.

మరమ్మతు బల్ల:

పైన చెప్పినదానితో ఏకీభవిస్తూనే, కేబుల్ విషయం కూడా తేల్చవలసి ఉందని నా అభిప్రాయం. సీ7 అనేది డిస్క్ పళ్లేల లోపలి దోషం కాదు, డిస్క్‌కు మదర్‌బోర్డుకు మధ్య ప్రయాణంలో పాడైన సమాచారం లెక్క. 212 సార్లు అలా జరిగిందంటే ఆ రెంటినీ కలిపే సాటా కేబుల్ వదులుగా ఉండటమో, పిన్నుల మీద తుప్పు చేరడమో, పవర్ కనెక్టర్ సరిగా కూర్చోకపోవడమో కారణం కావచ్చు. ఈ అంకె ఎప్పటికీ తగ్గదు కాబట్టి పాత సంఖ్యను చూసి కంగారు పడనవసరం లేదు. ఇప్పుడున్న విలువను రాసి పెట్టుకుని, కొత్త కేబుల్ వేసి, మదర్‌బోర్డు మీద మరో పోర్టులో గుచ్చి, అది పెరుగుతోందో లేదో చూడండి. అయితే కేబుల్ మార్చినందువల్ల సీ5 తగ్గదు, మీ వద్ద రెండు వేర్వేరు సమస్యలు ఒకేసారి ఉన్నాయి.

మీరు చెప్పిన కరెంటు కోతలు కూడా ఇక్కడ ముఖ్యం. డిస్క్ ఒక సెక్టార్‌లో రాస్తూ ఉండగా కరెంటు పోతే, రాసిన సమాచారానికీ దాని పక్కన ఉండే దోష సవరణ సంకేతానికీ పొంతన కుదరక, పళ్లెం మీద ఏ గాయమూ లేకపోయినా ఆ సెక్టార్ చదవలేనిదిగా సీ5లో చేరుతుంది. అందువల్ల మీ 48లో కొన్నైనా అటువంటివి కావచ్చు. ఆ సంగతి తేల్చుకోవడానికి మార్గం ఉంది కానీ అది డిస్క్‌లో ఉన్నదంతా చెరిపేస్తుంది కాబట్టి నకలు తీసిన తర్వాతే. ఆ టిక్ శబ్దం మాత్రం నన్ను ఆలోచింపజేస్తోంది. ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్ లోపలి భాగాలకు కరెంటు అందించే పెట్టె) నుంచి వచ్చే 12 వోల్టులు భారం పడినప్పుడు పడిపోతే, డెస్క్‌టాప్ డిస్క్ మోటారు వేగం తగ్గి, పళ్లేలను చదివే హెడ్లు విశ్రాంతి స్థానానికి వెళ్లి మళ్లీ బయలుదేరుతాయి, అప్పుడూ ఇదే శబ్దం వస్తుంది. వీలైతే వేరే మంచి ఎస్‌ఎంపీఎస్‌తో ఒకసారి విని చూడండి.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ఎప్పుడైనా ఆన్ చేయగానే ఆ శబ్దం ఆగకుండా కొట్టుకుంటూ, బయాస్‌లో (విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగుల తెరలో) డిస్క్ పేరే కనిపించకపోతే వెంటనే ఆపివేయండి. మళ్లీ మళ్లీ ఆన్ చేయడం, ఫ్రీజర్‌లో పెట్టడం, మూత విప్పి చూడటం, అదే మోడల్ డిస్క్ నుంచి సర్క్యూట్ బోర్డు తీసి బిగించడం చేయకూడదు. ఆ బోర్డు మీద ఉన్న చిప్‌లో ఆ ఒక్క డిస్క్‌కే సంబంధించిన కొలతలు దాచి ఉంటాయి కాబట్టి, ఆ చిప్‌ను కూడా మార్చకుండా బోర్డు ఒక్కటే మార్చితే ఈ రోజుల్లో ఫలితం ఉండదు. అటువంటి స్థితిలో దుమ్ములేని గది ఉన్న డేటా రికవరీ కేంద్రం ఒక్కటే దారి.

అక్షరశిల్పి:

ఇద్దరికీ ధన్యవాదాలు. కేబుల్, పోర్టు మార్చాను, సీ7 అక్కడే ఆగింది. మరో ఎస్‌ఎంపీఎస్‌తో నడిపినా శబ్దం అలాగే వస్తోంది. ప్రస్తుతం కంప్యూటర్ ఆపి ఉంచాను. కొత్తగా 2 టెరాబైట్ల డిస్క్ తెచ్చాను. విండోస్‌లోనే కాపీ చేయడం మొదలుపెట్టాలా, లేక వేరే పద్ధతి ఉందా?

లైనక్స్ అభ్యాసి:

విండోస్‌లో మొత్తం డిస్క్‌ను కాపీ చేయకండి. చదవలేని ఒక సెక్టార్ దగ్గర విండోస్ చాలాసేపు ఆగుతుంది, దోషం చూపి కాపీని నిలిపివేస్తుంది, ఈలోగా ఆ డిస్క్ మీద తన సొంత పనులు చేసుకుంటూ రాస్తూనే ఉంటుంది. పెన్‌డ్రైవ్ మీద సిస్టమ్‌రెస్క్యూ అనే లైవ్ లైనక్స్‌ను (హార్డ్‌డిస్క్‌లో ఇన్‌స్టాల్ చేయకుండానే నడిచే లైనక్స్‌ను) వేసుకుని, దానితో కంప్యూటర్‌ను బూట్ చేయండి. అందులో గ్నూ డీడీరెస్క్యూ ఉంటుంది. ఇది తేలికగా చదవగలిగిన భాగాలను ముందు తీసుకుని, కష్టమైన చోటును దాటి ముందుకు వెళ్లి, వదిలేసినవాటిని ఒక మ్యాప్ ఫైలులో గుర్తు పెట్టుకుని, చివర్లో మాత్రమే వాటి దగ్గరకు తిరిగి వస్తుంది. మధ్యలో కరెంటు పోయినా ఆ మ్యాప్ ఫైలు ఉంటే ఆగిన చోటినుంచే మొదలవుతుంది. లైవ్ లైనక్స్ జ్ఞాపకశక్తి కంప్యూటర్ ఆపగానే ఖాళీ అవుతుంది కాబట్టి, మ్యాప్ ఫైలును తప్పనిసరిగా మరో పెన్‌డ్రైవ్‌లో పెట్టండి.

అన్నిటికన్నా జాగ్రత్తగా చూడవలసినది ఏది పాత డిస్క్, ఏది కొత్త డిస్క్ అన్నది. ఆదేశంలో ముందు మూలం, తర్వాత గమ్యం, ఆ తర్వాత మ్యాప్ ఫైలు వస్తాయి. మొదటి రెండూ తారుమారైతే ఖాళీ డిస్క్ వచ్చి మీ ఫైళ్ల మీద పడుతుంది. మీ అదృష్టం కొద్దీ ఒకటి 1 టెరాబైట్, మరొకటి 2 టెరాబైట్లు కాబట్టి జాబితాలో పరిమాణం చూసి తేలికగా పోల్చుకోవచ్చు, అయినా సీరియల్ నంబరును డిస్క్ మీది స్టిక్కర్‌తో సరిచూడండి. మొదటి విడతలో ‘ఎన్’ అనే ఐచ్ఛికం పెట్టి మొండి భాగాలను పట్టుబట్టి చదవవద్దని చెప్పండి, అది పూర్తయ్యాక రెండో విడతలో మూడుసార్లు మళ్లీ ప్రయత్నించమని చెప్పండి. నేరుగా డిస్క్ మీదకు కాకుండా ఒకే పెద్ద ఇమేజ్ ఫైలుగా దాచేటట్లయితే కొత్త డిస్క్‌ను ఎన్‌టీఎఫ్‌ఎస్‌గా ఫార్మాట్ చేయాలి, ఫ్యాట్32లో 4 గిగాబైట్లకు మించిన ఫైలు నిలవదు.

యంత్రమిత్ర:

ఒక చిన్న భేదాభిప్రాయం. ఈ డిస్క్ ఇంకా కనిపిస్తోంది, ఫోల్డర్లు తెరుచుకుంటున్నాయి. కాబట్టి పూర్తి నకలు మొదలుపెట్టేముందు అదే లైవ్ లైనక్స్‌లో పాత డిస్క్‌ను కేవలం చదవడానికి మాత్రమే తెరిచి, మరెక్కడా లేని ఫొటోలను, పేజ్‌మేకర్ ఫైళ్లను ఒక పెన్‌డ్రైవ్‌లోకి తీసుకోమంటాను. డీటీపీ ఫైళ్లు పరిమాణంలో చిన్నవి, త్వరగా అయిపోతాయి. ఏదైనా ఫైలు దగ్గర ఆగిపోతే దానితో కుస్తీ పట్టకుండా వదిలి తర్వాతిదానికి వెళ్లండి. వాటితోపాటు అను ఫాంట్లను, కీబోర్డు సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాలర్‌ను కూడా తీసుకోవడం మరవవద్దు. అవి యూనికోడ్ కావు కాబట్టి, ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో మీ శుభలేఖ అర్థంలేని గుర్తుల వరుసగా కనిపిస్తుంది. ఫొటోరెక్ వంటి సాధనాలు పోయిన ఫైళ్లను వెలికి తీయగలవు కానీ వాటికి పేర్లూ ఫోల్డర్లూ ఉండవు. వేలకొద్దీ ఫైళ్లను ఒక్కొక్కటి తెరిచి పేరు పెట్టుకోవలసిన స్థితి మీకు రాకూడదు.

అక్షరశిల్పి:

మీరు చెప్పిన క్రమంలోనే చేశాను. ముఖ్యమైన ఫోల్డర్లన్నీ ముందు పెన్‌డ్రైవ్‌లోకి వచ్చాయి. తర్వాత డీడీరెస్క్యూ పూర్తి నకలు తీసింది, రెండో విడత ముగిశాక కూడా 16 కిలోబైట్లు మాత్రం చదవలేకపోయింది. చెక్‌డిస్క్‌ను కొత్త డిస్క్‌లోని నకలు మీద నడిపాను, ఒక వీడియో తప్ప నేను తెరిచి చూసిన ఫైళ్లన్నీ బాగున్నాయి. మరమ్మతు బల్ల గారు చెప్పిన పరీక్ష పాత డిస్క్ మీద ఎలా చేయాలి? బాగుంటే సినిమాలు దాచుకోవడానికి వాడుకోవచ్చా?

మరమ్మతు బల్ల:

చాలా సంతోషం. పాత డిస్క్‌కు విండోస్‌లో క్విక్ ఫార్మాట్ గుర్తును తీసివేసి పూర్తి ఫార్మాట్ పెట్టండి. విస్టా కాలం నుంచి అది ఆ విభాగం మొత్తంలో సున్నాలు రాస్తుంది, అందువల్ల అనుమానంలో ఉన్న ప్రతి సెక్టార్ గురించి డిస్క్ ఒక నిర్ణయానికి రాక తప్పదు. డిస్క్‌లో సీ, డీ అని వేర్వేరు విభాగాలుంటే ముందు అవన్నీ తొలగించి ఒకటే విభాగంగా చేయండి. ముగిశాక సీ5 సున్నాకు వచ్చి 05 కూడా సున్నాగానే ఉంటే, అవి కరెంటు పోయినప్పుడు సగంలో ఆగిన రాతలని భావించవచ్చు. 05 పెరిగినా, కొన్నాళ్లకు సీ5 మళ్లీ తలెత్తినా పళ్లెం దెబ్బతిన్నట్లే. రెండు ఎస్‌ఎంపీఎస్‌లతోనూ శబ్దం వచ్చింది కాబట్టి నేను రెండో దానినే ఊహిస్తున్నాను. సినిమాలకు వాడుకోండి, కానీ మరోచోట నకలు లేనిదేదీ అందులో పెట్టకండి. వారంటీ మిగిలి ఉంటే మాత్రం ఈ ఫార్మాట్ పూర్తయ్యాక పంపించి మార్చుకోవడం ఇంకా మంచిది. యూపీఎస్ బ్యాటరీని ఈ వారంలోనే మార్పించండి, కొత్త డిస్క్‌కైనా ఆ కోతలు అలాగే తగులుతాయి.