పైన్ చెట్టు ఇంకా పచ్చగానే ఉంది, కింద పుట్టగొడుగులు ఎందుకు ఆగిపోయాయి?

మట్టివాసన:
ఆరేళ్లుగా ఒకే పైన్ తోపులో నడుస్తున్నాను. 43 చెట్లకు నోటుబుక్కులో నంబర్లు వేసుకుని, వానలు పడ్డాక ఏ చెట్టు కింద ఏ పుట్టగొడుగులు ఎన్ని వచ్చాయో రాసుకుంటాను.

17వ చెట్టు కింద ఏటా సూయిల్లస్ అనే పుట్టగొడుగు వచ్చేది. గోధుమరంగు టోపీ, ముట్టుకుంటే వేళ్లకు జిగురు అంటుకుంటుంది, టోపీ అడుగున స్పాంజిలా సన్నటి రంధ్రాలు. మొదటి నాలుగేళ్లు 31, 26, 28, 29. నిరుడు మూడే. ఈ ఏడు ఒక్కటీ లేదు. వానలు తగ్గాయా అంటే అదీ కాదు, కాస్త దూరంలోని 22 కింద ఎప్పటిలాగే వచ్చాయి.

17 మొదట్లో బంక కారుతోంది. వదులైన బెరడు కొంచెం ఎత్తి చూస్తే లోపల తెల్లటి పొర, విసనకర్రలా పరుచుకుని ఉంది. చెట్టుకు తెగులు వచ్చిందని అర్థమైంది. కానీ ఆకులు ఇప్పటికీ పచ్చగానే ఉన్నాయి. ఆ తెగులే సూయిల్లస్‌కూ సోకిందా? చెట్టు బాగానే కనిపిస్తుంటే పుట్టగొడుగులు ముందే ఎలా పోయాయి? చాలా బాధగా ఉంది, తెలిసినవాళ్లు చెప్పండి.

వేరుదారం:
సోకలేదండి. దానికి తిండి అందలేదు.

మీరు చెప్పిన తెల్లటి పొర ఆర్మిల్లేరియాలా ఉంది. అది కూడా శిలీంధ్రమే, కానీ వేర్ల బెరడు కింది సజీవమైన పొరను చంపి తినే రకం. సూయిల్లస్ అలా కాదు. వేరు కొసలకు తొడుగులా అల్లుకుని, మట్టిలోంచి నీరు, ఫాస్ఫరస్, నత్రజని తెచ్చి ఇస్తుంది. బదులుగా ఆకులు తయారుచేసిన చక్కెర తీసుకుంటుంది. ఆ చక్కెర దిగి వచ్చేది బెరడు లోపలి పొరలోంచే.

ఉత్తర స్వీడన్ పైన్ అడవిలో చేసిన ఒక ప్రయోగం ఫలితాలు 2001లో వచ్చాయి. చెట్ల చుట్టూ బెరడును ఉంగరంలా ఒలిచారు. లోపలి కలపను ముట్టుకోలేదు కాబట్టి నీరు పైకి పోతూనే ఉంది, చక్కెర మాత్రం కిందికి రాలేదు. ఒకటి రెండు నెలల్లోనే వేర్లూ, నేలలోని జీవులూ వదిలే కార్బన్ డయాక్సైడ్ సుమారు సగానికి పడిపోయింది. వేర్లతో కలిసి బతికే శిలీంధ్రాల పుట్టగొడుగులు ఆ చెట్ల కింద దాదాపు కనిపించలేదు. అక్కడ కత్తి చేసిన పనే మీ 17కి తెగులు మెల్లగా చేస్తోంది. పైగా వేర్లే చచ్చిపోతున్నప్పుడు సూయిల్లస్‌కు ఉండడానికి చోటు కూడా పోతుంది.

ఆకుల రంగు ఆలస్యంగా మారుతుంది. మీ నోటుబుక్కు తెగులును నిరుడే పట్టుకుంది.

తడిఆకు:
ఒక మాట కలుపుతాను. అన్ని చెట్లకూ ఈ లెక్క పనికిరాదు. యూరప్‌లో 1990లలో పోలండ్‌లో మొదట గమనించిన తెగులు యాష్ చెట్లను చంపుతోంది. యాష్ వేర్ల లోపల ఉండే శిలీంధ్రాలు వేరే రకం, అవి పుట్టగొడుగులు పుట్టించవు. నష్టం జరిగినా నేల మీద ఏమీ కనిపించదు. కాకపోతే వాటికి గడ్డి, పొదల వేర్లు కూడా సరిపోతాయి, కాబట్టి చెట్టు పోయినా చాలావరకు బతుకుతాయి. సూయిల్లస్‌కు ఆ అవకాశం లేదు. దానికి పైన్ గానీ దాని దగ్గరి బంధువులు గానీ ఉండాలి.

అమెరికాలో 1904లో బయటపడిన తెగులు చెస్ట్‌నట్ చెట్లను వందల కోట్లలో చంపింది. అయినా ఆ చెట్టు వేర్లు చావకుండా మళ్లీ మళ్లీ చిగురిస్తాయి. పైగా దానితో ఉండే శిలీంధ్రాల్లో చాలావాటికి పక్కనున్న ఓక్ వేర్లు కూడా సరిపోతాయి. మీ తోపులో మరో రకం చెట్లు ఉన్నాయా?

మట్టివాసన:
లేవండి, అన్నీ పైన్లే. అందుకే భయం. 17తో పాటు చుట్టూ ఉన్న అయిదారు చెట్లనూ కొట్టించి, ఆ చోట మొక్కలు నాటి, మైకోరైజా (వేర్లతో కలిసి బతికే శిలీంధ్రాల) పొడి వేద్దామనుకుంటున్నాం. సూయిల్లస్ తిరిగి వస్తుందా?

వేరుదారం:
దయచేసి ఆరోగ్యంగా ఉన్న చెట్లను కొట్టించకండి. లేత మొక్క వేర్లకు శిలీంధ్రం అందేది ఎక్కువగా పక్కనున్న బతికిన చెట్టు వేర్ల నుంచే. కెనడాలో బెరడు పురుగులు పైన్లను చంపేసిన చోట ఈ శిలీంధ్రాలు తగ్గిపోయి, చచ్చిన కలపను కుళ్లబెట్టేవి పెరిగాయి. ఆ మట్టిలో పెంచిన పైన్ మొక్కలూ సరిగ్గా బతకలేదు.

పొడి కొనే ముందు లేబుల్ చూడండి. చాలా పొట్లాల్లో ఉండేది పంట మొక్కల వేర్లలో పెరిగే రకం, అది పైన్‌కు పనికిరాదు. సూయిల్లస్ బీజాలు మట్టిలో ఏళ్లకొద్దీ నిద్రపోయి ఉండగలవు, కాబట్టి ఆశ వదులుకోకండి. మొక్కలు 22 వైపు నాటండి, 17 మోడు పక్కన వద్దు. ఆర్మిల్లేరియా మోడులో ఏళ్ల తరబడి బతికి, బూటు లేసుల్లాంటి నల్లటి తాళ్లతో మట్టిలో ముందుకు పోతుంది.

మట్టివాసన:
చాలా థ్యాంక్సండి. చెట్లు కొట్టించే ఆలోచన మానేశాం. మీరు చెప్పాక 17 పక్క చెట్ల లెక్కలు మళ్లీ తీసి చూశాను. 16లో తేడా లేదు. 18 కింద నిరుడు 19 వచ్చాయి, ఈ ఏడు ఎనిమిదే. దానికి బంక కారడం లేదు, పైన అంతా పచ్చగానే ఉంది. రేపు పొద్దున్నే వెళ్లి 18 మొదట్లో మట్టి మెల్లగా తీసి, నల్లటి తాళ్లు ఉన్నాయేమో చూస్తాను. ఫోటోలు ఇక్కడే పెడతాను.