అప్‌డేట్: ఇంటి కింద యాత్రికులకు గదులు, పర్మిషన్ సంగతి

తిరుపతిలో మా ఇంటి కింద పార్కింగ్‌కి వదిలిన స్టిల్ట్‌ని మూసేసి గదులు కట్టి యాత్రికులకు అద్దెకివ్వాలనుకుంటున్నాం, సెల్ఫ్ సర్టిఫికేషన్ (ప్లాన్ రూల్స్ ప్రకారమే ఉందని మనమే రాసిచ్చి పర్మిషన్ తెచ్చుకునే పద్ధతి) వచ్చింది కదా, ఎల్‌టీపీ (ప్లాన్లు గీసి సంతకం పెట్టే లైసెన్సున్న టెక్నికల్ మనిషి) సంతకంతో పనైపోతుందా అని అడిగాను, గుర్తుందా? అవదట.

2025లో వచ్చిన ఆ స్కీమ్ 18 మీటర్ల ఎత్తు దాటని నివాస భవనాలకే. రోజు అద్దెకి గదులంటే లాడ్జి లెక్క, అంటే కమర్షియల్. మాస్టర్ ప్లాన్‌లో మా వీధి ఏ జోన్‌లో ఉందో, అక్కడ దానికి ఒప్పుకుంటారో లేదో ముందు చూసుకుని, వాడకం మార్పుకి విడిగా అప్లై చేయాలి. బ్రహ్మోత్సవాలప్పుడు మా వీధిలో సగం ఇళ్లు లాడ్జీలే, అది వేరే కథ!

ఎల్‌టీపీ వచ్చి టేపు పట్టుకుని రోడ్డు కొలిచారు, ఎదురింటివాళ్ల ర్యాంపు కాలువ దాటి ముందుకొచ్చింది కాబట్టి దాన్ని వదిలేసి మళ్లీ కొలిచారు. తర్వాత మా స్టిల్ట్‌లో పాత మంచం, రుబ్బురోలు, అమ్మ ఎండబెట్టిన వడియాల చాప చూసి, "ప్లాన్‌లో ఇది పార్కింగ్ అండి, గోడ కడితే డీవియేషనే, అంటే ప్లాన్ తప్పినట్టే" అన్నారు. యాత్రికుల కార్లు ఎక్కడ పెడతారని అడిగితే మా దగ్గర జవాబు లేదు.

స్టిల్ట్ జోలికి పోవట్లేదు. పై పోర్షన్‌ని ఓ కుటుంబానికి నెల అద్దెకిస్తున్నాం, దానికైతే వాడకం మార్పు గొడవే లేదు.