సీటీలో క్లాట్ లేదన్నారు, ఎకోలో ప్రెషర్ 62 ఉంది.. ఏంటిది?

అమ్మకి 58. కిందటేడు కాల్లో క్లాట్ ఊపిరితిత్తుల్లోకి వెళ్ళి వారం ఐసీయూలో ఉంది, ఆరు నెలలు బ్లడ్ థిన్నర్ వాడించి ఆపేశారు. ఆయాసం మాత్రం తగ్గలేదు సరికదా పెరిగింది, మేడ మీద బట్టలు ఆరేయడానికి వెళ్తే బకెట్ పక్కన పెట్టుకుని సగం మెట్ల మీదే కూర్చుండిపోతోంది. ఆస్తమా అని ఇన్‌హేలర్ ఇచ్చారు, ఏం తేడా లేదు. మొన్న ఎకోలో గుండె కుడివైపు పెద్దదైంది, లంగ్ ప్రెషర్ 62 అన్నారు. సీటీలోనేమో కొత్త క్లాట్ లేదట. మరి ప్రెషర్ ఎందుకు?

పల్మనాలజీ పీజీ: కొత్తది లేదంటే పాతది కూడా లేదని కాదండి. కరగని క్లాట్ మచ్చలా గట్టిపడి రక్తనాళం గోడకి అతుక్కుపోతుంది, లోపల అడ్డంగా దారాల్లా ఉండిపోతుంది, అవి సీటీలో తప్పిపోతుంటాయి. దాంతో రక్తానికి దారి ఇరుకై ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ప్రెషర్ పెరుగుతుంది, దీన్నే సీటెఫ్ (CTEPH) అంటాం. ముందు వీక్యూ స్కాన్ చేయించండి. గాలి వెళ్తున్న చోటికి రక్తం వెళ్ళట్లేదా అన్నది అందులో తెలుస్తుంది, అది నార్మల్ వస్తే సీటెఫ్ దాదాపు లేనట్టే. ఇంకోటి, థిన్నర్ ఆపేశారన్నారు, మళ్ళీ మొదలెట్టాలేమో ఈ వారమే అడగండి. సీటెఫ్ అని తేలితే అది జీవితాంతం వాడాల్సిందే.

నేనూ పేషెంట్‌నే: నాకు రెండేళ్ళు ఆస్తమా మందులే వాడించారు, పైగా నాకసలు క్లాట్ వచ్చినట్టే తెలీదు, నాలాంటోళ్ళు నలుగురిలో ఒకరి దాకా ఉంటారట. వీక్యూ అంటే భయపడకండి, మాస్కులో గాలి పీల్చమంటారు, చేతికి ఇంజెక్షన్ ఇచ్చి కెమెరా కింద పడుకోబెడతారు అంతే. స్క్రీన్ మీద చూస్తే నా కుడి ఊపిరితిత్తి కింద అంచు ఎలక కొరికినట్టుంది! తర్వాత మెడ దగ్గర సిరలోంచి సన్నటి ట్యూబ్ పంపి ప్రెషర్ కొలిచారు, సగటు 46 వచ్చింది, 20 దాటితేనే ఎక్కువ కింద లెక్క. ఎకోలో చెప్పే నంబర్ అంచనానే, అది పై ప్రెషర్, దీంతో పోల్చి కంగారుపడొద్దు.

అడిగినవారు: థాంక్సండీ. రిపోర్ట్ మళ్ళీ చదివా, కింద 'మొజాయిక్ అటెన్యుయేషన్' అని ఒక్క లైన్ ఉంది. ఇదేంటి?

పల్మనాలజీ పీజీ: రక్తం సరిగా అందక ఊపిరితిత్తి అక్కడక్కడా నల్లగా, అక్కడక్కడా తెల్లగా కనిపించడం. చిన్న గాలిగొట్టాల జబ్బుల్లోనూ వస్తుంది గానీ, అమ్మగారి హిస్టరీతో కలిపి చూస్తే నాకు అనుమానం పెరిగింది. ఈ క్లాట్లని ఆపరేషన్‌తో గోడ నుంచి ఒలిచి తీసే సెంటర్‌కే వెళ్ళండి, అది కుదరనివాళ్ళకి బెలూన్‌తో నాళాన్ని వెడల్పు చేయడం, రియోసిగువాట్ అనే మాత్ర ఉన్నాయి. వెళ్ళేటప్పుడు రిపోర్ట్ కాగితం ఒక్కటే కాదు, సీటీ సీడీ కూడా పట్టుకెళ్ళండి, బొమ్మలు వాళ్ళే చూసుకోవాలి.