"అన్‌డెడ్"ని తెలుగులో ఏమంటాం? దెయ్యం అంటే మా పిల్ల ఒప్పుకోవడం లేదు

వంటింటి కిటికీ:

అందరికీ నమస్కారం. మా అన్నయ్య కూతురు పదో తరగతి పరీక్షలు రాసి మా ఇంటికొచ్చింది. వచ్చి నాలుగు రోజులైంది, మంచం దిగడం లేదు. చేతిలో ట్వైలైట్. మొదటి భాగం 2005లో వచ్చింది, అంటే పిల్ల కంటే పుస్తకమే పెద్దది. మొన్న చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ మా అమ్మ కదిపింది.

"ఏముందే అందులో, అన్నం కూడా మానేసి?"

"లవ్ స్టోరీ నాన్నమ్మా."

"అబ్బాయి ఏం చదువుతున్నాడు?"

"మన ఇంటరు లాంటిది. పదిహేడేళ్లు. కానీ పుట్టింది 1901లో."

అమ్మ చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది. పిల్ల ఉత్సాహంగా చెప్పుకుపోయింది. 1918లో షికాగోలో ఇన్‌ఫ్లుయెంజా వచ్చి ఆ అబ్బాయి చావబోతుంటే డాక్టరు కొరికి బతికించాడట.

"డాక్టరు కొరకడమేమిటే?"

"ఆయన కూడా అదే నాన్నమ్మా."

"అదే అంటే?"

ఇక్కడ ఆగిపోయింది పిల్ల. నా వైపు తిరిగి, "అత్తా, అన్‌డెడ్ అంటే తెలుగులో ఏంటి?" అంది. దెయ్యం అన్నాను. "దెయ్యానికి ఒళ్లుండదు కదా. ఇతను స్కూలుకెళ్తాడు, వోల్వో నడుపుతాడు" అంది. పిశాచం అన్నాను. "అంత అందగాణ్ని పిశాచం అంటే ఎవరు ప్రేమిస్తారత్తా!" అని మొహం చిట్లించింది. అమ్మ మాత్రం మా ఇద్దరికోసం ఆగలేదు. "అయితే దెయ్యంతో తిరుగుతోందన్నమాట ఆ పిల్ల" అని తేల్చేసి కాయల్లో పడింది.

చచ్చిపోయి, శరీరంతో సహా లేచి తిరిగేవాడికి మనకి ఒక్క మాట ఉందా? భయపెట్టేది కాకూడదు. ఆ వయసు పిల్ల ప్రేమించేలా ఉండాలి.

నైట్‌షిఫ్ట్:

రక్తపిశాచి. డబ్బింగ్ సినిమాల్లో అదే కదా మేడమ్.

వంటింటి కిటికీ:

అదీ చెప్పి చూశానండి. ఈ కథలో ఆ కుటుంబం మనుషుల జోలికి రాదట, అడవి జంతువుల రక్తమే తాగుతుందట. పైగా వాళ్లలో వాళ్లు "మేం శాకాహారులం" అని జోకులేసుకుంటారట. ఇది విని మా అమ్మ పెట్టిన మొహం ఇక్కడ రాయలేను.

అరసున్న:

అమ్మా, వరసగా చూద్దాం. ముప్ఫై ఏళ్లు తెలుగు చెప్పినవాణ్ని, కాస్త పొడుగు రాస్తాను, ఓపిక పట్టండి.

దయ్యం అనేది దైవానికి వికృతి. గుళ్లో ఉన్నాయనా చింతచెట్టు మీద ఉన్నదీ ఒకే మాటలోంచి వచ్చారు, తర్వాత ఎవరి దారి వారిది. భూతం అంటే అయిపోయినది, భూతకాలంలో ఉన్న భూతమే. ప్రేతం అంటే, ప్ర-ఇత, ముందుకు వెళ్లిపోయినది. పిశితం అంటే మాంసం, అది తినేది పిశాచం అని పెద్దల వ్యుత్పత్తి.

మీ అబ్బాయి వీటిలో దేనికి సరిపోతాడు? వెళ్లిపోలేదు కాబట్టి ప్రేతం కాడు. అయిపోలేదు కాబట్టి భూతం కాడు. వెళ్లకపోవడమే కదా అతని కథంతా. మన మాటలన్నీ పోయినవాళ్లకి. అతను పోనివాడు.

బందరు పాతపుస్తకం:

మాస్టారూ, బేతాళుణ్ని మర్చిపోయారు! చందమామ చదివిన ఏ ఇంట్లోనైనా శవంలో ఉండి మాట్లాడేవాడు ఒక్కడే. పైగా దీనికి తెల్లవాళ్ల సాక్ష్యం కూడా ఉంది. రిచర్డ్ బర్టన్ 1870లో ఈ కథల్ని ఇంగ్లీషులో వేస్తూ పేరేం పెట్టాడనుకున్నారు? విక్రమ్ అండ్ ద వాంపైర్. డ్రాకులా రావడానికి 27 ఏళ్ల ముందే మన బేతాళుడు వాంపైర్ అయిపోయాడు. ఆ తూకం తిరగేస్తే వాంపైర్ అంటే బేతాళుడే.

అరసున్న:

బర్టన్ తూకం తప్పు. బేతాళుడు ఎవరి శవంలోనో దూరి కూర్చున్నవాడు. అద్దెకున్నవాడు. రాజు నోరు విప్పగానే శవంతో సహా చెట్టెక్కేస్తాడు కానీ ఆ ఒళ్లు అతనిది కాదు. ఈ అమెరికా అబ్బాయిది సొంతిల్లు. తన శవంలో తనే ఉంటున్నాడు. ఇద్దరినీ ఒకటి చేస్తే ఎలా?

బందరు పాతపుస్తకం:

అద్దెకున్నవాడు అన్నారు చూశారూ, దానికి ఒప్పుకుంటున్నాను. కానీ గమనించండి. అమ్మాయి అడగాల్సిన చిక్కు ప్రశ్నలన్నీ బేతాళుడే అడిగేవాడు. ప్రేమకథకి పనికొస్తాడనే నా ఉద్దేశం.

పుస్తకాల పురుగు:

జీవచ్ఛవం?

అరసున్న:

దిక్కు తిరగబడింది. జీవత్ అంటే బతికున్న, శవం అంటే శవం. ఊపిరి ఉంది, ఉత్సాహం లేదు, ఆశ లేదు, అలాంటి మనిషిని అంటాం. "కొడుకు పోయినప్పట్నుంచి జీవచ్ఛవంలా ఉంది" అన్నప్పుడు ఆవిడ బతికే ఉంది. మనకి కావలసింది శవంలా ఉన్న మనిషి కాదు, మనిషిలా ఉన్న శవం.

పుస్తకాల పురుగు:

అయితే ఇంకోటి. డ్రాకులా 1897లో అచ్చయింది కదా, బ్రామ్ స్టోకర్ టైపు ప్రతిలో దాని పేరు ది అన్-డెడ్. మధ్యలో గీతతో. అన్ అంటే కాని, డెడ్ అంటే మృతుడు. అచ్చంగా అ-మృత! అమృతుడు అనొచ్చుగా? అమృతం, గ్రీకు దేవతలు తినే అంబ్రోసియా, రెండూ ఒకే మూలంలోంచి వచ్చిన మాటలు.

వంటింటి కిటికీ:

ఇది చదవగానే ఎగిరి గంతేశాను. వెంటనే మా పక్కింటి అమృత గుర్తొచ్చింది, కాళ్లు నేల మీదికొచ్చాయి. ఒకే తూకం, ఒకే కూర్పు. వాళ్లకేమో సమాధిలోంచి లేచేవాడు, మనకేమో కలశంలోంచి వచ్చేది. ఆ మాట మన దగ్గర ఎప్పుడో మంచివాళ్ల ఇంటికి కాపురానికి వెళ్లిపోయింది, వెనక్కి రాదు.

పుస్తకాల పురుగు:

పోనీ వ్యాకరణం సంగతి చూడండి, అసలు తంటా అక్కడ ఉందని నా అనుమానం. తెలుగులో దెయ్యం, పిశాచం, భూతం అన్నీ అమహత్తులు, అంటే "వాడు" అనడానికి వీల్లేని మాటలు. "దెయ్యం వచ్చింది" అంటాం. ఆడమనిషికీ ఏకవచనంలో అదే క్రియ, "ఆమె వచ్చింది". అందుకే మోహినులకీ కామినీ పిశాచాలకీ మన కథల్లో ఇబ్బంది రాలేదు, క్రియ మార్చే పని లేకుండా అందంగా నడిచిపోయారు. మగదెయ్యం దగ్గరికొచ్చేసరికే చిక్కు. "రక్తపిశాచి వచ్చాడు" అనండి, నోటికి ఎదురు తగులుతుంది. "రక్తపిశాచి వచ్చింది" అంటే ప్రేమ పోతుంది. "వాడు" అనడానికి వీలున్న మాట దొరికితే తప్ప ఈ నవలలు తెలుగులో నిలబడవు.

ఇంగ్లీషు రచయితలూ ఈ పేరు తంటా పడ్డారు. డేనియల్ వాటర్స్ 2008లో జనరేషన్ డెడ్ అని రాశాడు. చచ్చిన టీనేజర్లు లేచి మళ్లీ బడికొస్తారు, అందులో ఒకడు ఫుట్‌బాల్ జట్టులో చేరతాడు, బతికున్న అమ్మాయి అతని మీద మనసు పారేసుకుంటుంది. వాళ్లని జాంబీ అనకూడదట, నొచ్చుకుంటారని. ముందు "లివింగ్ ఇంపెయిర్డ్" అంటారు, అదీ బాగాలేదని "డిఫరెంట్లీ బయోటిక్" అంటారు. మన ప్రభుత్వ కాగితాల్లో విభిన్న ప్రతిభావంతులు అని వచ్చింది చూడండి, ఆ పోలికలో తెలుగు చేస్తే విభిన్న ప్రాణులు. నాకైతే భలే నచ్చింది. అతికించుకున్న మర్యాద కూడా కనిపిస్తుంది.

బందరు పాతపుస్తకం:

"విభిన్న ప్రాణీ, నిన్ను ప్రేమిస్తున్నాను." చెప్పి చూడండి ఎవరైనా.

జాంబీకి తెలుగు వెతకక్కర్లేదు లెండి. 2021లో జాంబీ రెడ్డి అని సినిమా వచ్చిన రోజే ఆ మాటకి ఇంటిపేరు కూడా కుదిరింది.

ఊరు కాకినాడ, ఉద్యోగం డాలస్:

పేరు సంగతి మీరు చూసుకోండి. నేను పెద్దావిడ వాడిన క్రియ దగ్గరే ఆగిపోయాను. తిరుగుతోంది! "ఆ మేడలో దెయ్యం తిరుగుతోంది." "ఆ పిల్ల ఎవడితోనో తిరుగుతోంది." ఇక్కడ మా అబ్బాయికి డేటింగ్ అనే మాటకి తెలుగు చెప్పలేక ఎన్నిసార్లు నీళ్లు నమిలానో. ఉన్నది తిరగడమే, అందులో తప్పు చేస్తున్న వాసన ముందే ఉంది. దెయ్యానికీ అదే క్రియ, ప్రేమకీ అదే క్రియ. ఆవిడ ఒక్క ముక్కలో రెంటికీ కలిపి వాడేశారు. పాదాభివందనం చెప్పండి.

ఇంకోటి. మన దగ్గర దెయ్యంతో మనిషికి ఉన్న సంబంధం అంతా పట్టడం, వదలడం, వదిలించడం. మధ్యలో భూతవైద్యుడు. ఇద్దరూ ఒకరినొకరు ఇష్టపడటానికి క్రియే లేదు.

నైట్‌షిఫ్ట్:

మీ అందరికీ దండాలు. నేనిక్కడ రాత్రి పదకొండు నుంచి ఒక చచ్చీ చావని సర్వర్ పక్కన కూర్చుని ఈ థ్రెడ్ చదువుతున్నా. అది పోదు, పని చెయ్యదు. పోతే కొత్తది పెట్టిస్తారు, అదీ లేదు. టెన్షన్ నాకు.

అరసున్న:

ఆగండి బాబూ. ఏమన్నారు?

చచ్చీ చావని. ఇంతసేపు సంస్కృతం మూటలు విప్పుకుంటూ కూర్చున్నాం, మాట మీ సర్వర్ గదిలో ఉంది. చచ్చియు చావని, అదే నలిగి చచ్చీ చావని. తెలుగులో ఈ అచ్చు ఎంత బాగా పండిందో చూడండి. ఉడికీ ఉడకని అన్నం, ఎండీ ఎండని బట్టలు, మాగీ మాగని మామిడికాయ, కనిపించీ కనిపించని నెలవంక. జరిగింది, జరగలేదు, రెండూ ఒకే ఊపిరిలో. చివర "వాడు" చేర్చడానికి అడ్డేం లేదు. చచ్చీ చావనివాడు. పురుగు గారి మహత్తు కూడా వచ్చేసింది.

పుస్తకాల పురుగు:

చాలా బాగుంది మాస్టారూ, కానీ ఒక్క పేచీ. ఉడికీ ఉడకని అన్నం అంటే సగం ఉడికిన అన్నం. చచ్చీ చావనివాడు అంటే సగం చచ్చినవాడు అవుతాడు, ఆస్పత్రి మంచం మీద ఉన్నట్టు. ఈ అబ్బాయి సగం కాదు. గుండె ఆగిపోయింది, ఒళ్లు చల్లబడింది. పూర్తిగా అయిపోయాక కూడా ఉన్నాడు.

అరసున్న:

పేచీ న్యాయమైనదే. రాత్రి భోజనం దగ్గర కూడా ఇదే ఆలోచించాను, మా ఇంట్లో తిట్లు తిన్నాను. చచ్చీ బదులు చచ్చినా పెట్టి చూడండి. చచ్చినను, అప్యర్థకం. "వాన వచ్చినా వెళ్లాడు" అంటే వాన సగం రాలేదు, పూర్తిగా వచ్చింది, అయినా వెళ్లాడు. అలాగే చావు పూర్తిగా వచ్చింది, అయినా చావలేదు.

చచ్చినా చావనివాడు.

చచ్చీ చావనిది జాంబీకి వదిలేద్దాం, సగం సగంగా ఈడ్చుకుంటూ నడుస్తుంది కాబట్టి. సర్వర్‌కి కూడా.

ఊరు కాకినాడ, ఉద్యోగం డాలస్:

మాస్టారూ, "చచ్చినా వదలడు" అని మనం అప్పులవాణ్నీ అంటాం, ప్రేమించినవాణ్నీ అంటాం. పట్టడం, వదలడం అని నేను వాపోయాను కదా, ఈ మాటలో ఆ రెండూ వినిపిస్తున్నాయి. నా ఓటు దీనికే. ఇక తెలిసీ తెలియని వయసు అని పదిహేడేళ్ల పిల్లకి ఎలాగూ ఉంది. ఆ పక్కన చచ్చినా చావనివాణ్ని నిలబెడితే జంట కుదిరినట్టే.

వంటింటి కిటికీ:

అందరికీ ధన్యవాదాలు. పొద్దున్న కాఫీ దగ్గర మా పిల్లకి చెప్పాను. రెండుసార్లు లోపల్లోపల అనుకుని, "వాడు అని వస్తోంది, బాగుంది" అంది. పుస్తకం అట్ట లోపల పెన్సిల్‌తో రాసుకుంది కూడా. అమ్మకి మాత్రం వేరే సందేహం వచ్చింది. ఆ పిల్ల తండ్రి ఏం చేస్తుంటాడని. ఆ ఊరి పోలీసు చీఫ్ అని చెప్పింది మా పిల్ల. అమ్మ చాలాసేపు ఏమీ అనలేదు.

మధ్యాహ్నం పిల్ల నాలుగో పుస్తకం, 2008లో వచ్చినది, పట్టుకుని మళ్లీ వచ్చింది. "అత్తా, ఇందులో ఆ అమ్మాయి కూడా అదే అయిపోతుంది. అప్పుడేమనాలి?"

"చచ్చినా చావనిది."

"ది ఏంటత్తా, మళ్లీ దెయ్యం దగ్గరికే వచ్చాం."

మాస్టారూ, మీరున్నారా?

నైట్‌షిఫ్ట్:

నేను ఇంకా రెండో పుస్తకంలోనే ఉన్నాను మేడమ్. కథ చెప్పేశారు.